చలి మొదలయ్యాక దోమతెర మడిచి పెట్టకండి

ఒడిశాలోని రాయగడలోనో జయపురంలోనో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాల్లో దోమతెర సంగతి ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. తొలకరికి బయటికి తీస్తారు. వానలు కురిసినన్నాళ్లూ కడతారు. దసరా వెళ్లి, కొండగాలి చల్లబడి, చెవి దగ్గర రొద తగ్గేసరికి ఉతికి, మడిచి అటక మీద పెట్టేస్తారు. కార్తీకమాసంలో ఇంట్లో ఒకరికి వణుకుతో జ్వరం వస్తుంది. దోమలే లేవు కదా, మలేరియా ఎక్కణ్నుంచి వచ్చిందని తెల్లబోతారు.

దోమలు ఉన్నాయి, మీ లెక్కలోకి రాలేదంతే. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మలేరియాను వ్యాపింపజేసే దోమలు ముఖ్యంగా రెండు. ఒకటి అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. వాననీటి గుంటల్లో, వరిమళ్లలో, కాల్వల పక్కన నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. వానాకాలం దీని జోరు. మనిషి కంటే పశువుల రక్తమంటేనే దీనికి మక్కువ. రెండోది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. ఇది కొండవాలు గెడ్డల్లో, ఊటల్లో, మెట్లుమెట్లుగా దిగే వరిమళ్ల గట్ల వెంట సన్నగా పారే తేటనీటిలో గుడ్లు పెడుతుంది. వాన ఉధృతంగా ఉన్నప్పుడు గెడ్డ పొంగి దాని గుడ్లనూ పిల్లపురుగులనూ ఊడ్చుకుపోతుంది. వాన తెరిపిచ్చి, నీరు నెమ్మదించి, ఒడ్డున గడ్డి నీళ్లలోకి వంగాక దానికి అనువైన కాలం వస్తుంది. అంటే మీరు తెర మడిచే రోజులే. పైగా ఈ కొండల్లో ఉండే ఫ్లూవియాటిలిస్ రకం మనిషి రక్తాన్నే కోరుతుంది, మనుషులుండే ఇళ్లలోనే వాలి ఉంటుంది. మలేరియా ఇక్కడ ఏడాది పొడవునా ఉన్నా, వానల్లో ఒకసారి, వానలు వెనుకబట్టాక చలి ముదిరేదాకా మరోసారి ఎగదన్నుతుంది. రెండో విడత సంగతి పట్టణంలో ఉండేవాళ్లకు అంతగా తెలియదు. పల్లెల్లో ఆశా కార్యకర్తలకు బాగా తెలుసు.

కాబట్టి ఈ అధ్యాయంలో మొదటి పని చాలా చిన్నది. గోడ క్యాలెండర్ తీసి అక్టోబరు నుంచి జనవరి వరకు నాలుగు కాగితాల మీద పెద్ద అక్షరాలతో ‘తెర’ అని రాయండి. తెరను విప్పి దాచడం అనే పనిని ఇంట్లోంచి తీసేయండి. పగలు పైకి చుట్టి ముడివేయాలి, రాత్రి దించాలి. విప్పడం లేకపోతే మళ్లీ కట్టడానికి బద్ధకించడం ఉండదు.

మన పూర్వీకుల భయం

ఈ కొండలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. మైదానాల నుంచి ఏజెన్సీకి బదిలీ అయిన గుమాస్తాలు, పోలీసులు, ఉపాధ్యాయులు మన్యం జ్వరం పేరు చెబితే హడలిపోయేవారు. కొందరు వైద్యులు ఆ భయం దగ్గర ఆగిపోకుండా లోతుకు వెళ్లారు. 1914లోనే పెర్రీ అనే అధికారి జయపురం కొండల మలేరియా మీద సుదీర్ఘమైన పరిశోధన ప్రచురించాడు. అప్పటికే, 1902లో, ఒక అనాఫిలిస్ దోమకు జయపురం పేరు మీదనే జేపోరియెన్సిస్ అని పేరు పెట్టారు. 1931లో రాయపూర్ నుంచి విజయనగరం వచ్చే రైలుమార్గం పూర్తయింది. ఆ మార్గం వేసిన కంపెనీ, బెంగాల్ నాగపూర్ రైల్వే, సీనియర్ వైట్ అనే మలేరియా నిపుణుణ్ని పెట్టుకుంది. ఆయన ఈ కొండల్లో ఏ దోమ ఏ నీటిలో పుడుతుందో, ఏది రోగం మోస్తుందో శ్రద్ధగా పరిశీలించాడు. ఇవాళ అదే పనిని పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు కోరాపుట్ జిల్లాలో చేస్తున్నారు. వందేళ్లకు పైగా ఇక్కడ పోగైన జ్ఞానం ఇది. మనం దాన్ని ఇంటి అలవాటుగా మార్చుకోలేకపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

దోమ ముసలిది కాకుండా చూడటం

ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. ఏ దోమా మలేరియాతో పుట్టదు. రక్తంలో మలేరియా ఉన్న మనిషిని కుట్టినప్పుడే పరాన్నజీవి దాని కడుపులోకి వెళుతుంది. అక్కడ పెరిగి, లాలాజల గ్రంథులకు చేరడానికి మామూలు వేడిమిలో సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. దోమ కడుపు గోడలో పెరుగుతున్న ఆ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ 10–14 రోజుల నిరీక్షణ పూర్తయ్యాకే దోమ కాటు ప్రమాదకరం. దాదాపు దోమలన్నీ ఆలోపే చస్తాయి.

కాస్త లెక్క వేద్దాం. రోజుకు నూటికి 80 దోమలు బతికి బయటపడుతున్నాయనుకోండి. 12 రోజుల తర్వాత నూటికి ఏడు మిగులుతాయి. అదే రోజుకు నూటికి 60 మాత్రమే బతికితే, 12 రోజుల తర్వాత వెయ్యికి రెండే మిగులుతాయి. గెడ్డలో పుట్టే దోమల సంఖ్య ఒక్కటీ తగ్గకపోయినా, రోగం మోయగల వయసుకు చేరేవి ముప్పై రెట్లకు పైగా తగ్గిపోయాయి. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ మలేరియా గణితంలో నొక్కి చెప్పిన విషయం ఇదే: దోమల సంఖ్య కన్నా దోమ ఆయుర్దాయం ముఖ్యం.

ఇప్పుడు దోమతెర వైపు చూడండి. ప్రభుత్వం పంచే తెరల దారంలోనే మందు ఉంటుంది. దోమ రెండు మూడు రోజులకొకసారి రక్తం కోసం రావాలి. వచ్చిన ప్రతిసారీ తెర మీద వాలాలి. వాలిన ప్రతిసారీ చావుకు దగ్గరవ్వాలి. మీరు తెరలో పడుకుంటే మిమ్మల్ని మీరు కాపాడుకోవడమే కాదు, మీ పక్కింటి పిల్లను కుట్టబోయే దోమ ముసలిది కాకుండా చేస్తున్నారు. ఊళ్లో ఎక్కువమంది వాడితే, వాడనివాళ్లకూ కొంత రక్షణ దొరుకుతుంది.

దోమలను పూర్తిగా తుడిచిపెడితే తప్ప లాభం లేదని నిరాశపడేవాళ్లు శ్రీలంకను చూడాలి. అక్కడ మలేరియా మోసిన దోమ మన క్యూలిసిఫేసిసే. అది ఇప్పటికీ అక్కడ ఉంది, మలేరియా మాత్రం పోయింది. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది.

మున్సిపాలిటీ వాళ్లు వీధిలో పొగ కొట్టించాలని ధర్నా చేసేవాళ్లను చూస్తుంటాను. వాళ్ల ఆవేదన నిజమైనది, కోరిక మాత్రం పొరపాటు. పొగ గాలిలో ఉన్న కాసేపట్లో ఎగురుతున్న దోమల్ని చంపుతుంది. ఇంటి లోపల, మూలల్లో, మంచం కింద వాలి ఉన్న ఫ్లూవియాటిలిస్‌కు దాని సెగ తగలదు. మలేరియా కోసం పొగ మీద ఆధారపడవద్దనే నిపుణులు చెబుతారు. అడగదలచుకుంటే గోడలకు మందు కొట్టమని అడగండి, కొత్త తెరలు ఎప్పుడిస్తారని అడగండి, పరీక్ష కిట్లు ఆశా దగ్గర ఉన్నాయా అని అడగండి.

గోడ మందు గురించి ఒక మాట. పండగ ముందు గోడలకు ఎర్రమట్టి పూయడం, పేడతో అలకడం ఈ ప్రాంతంలో అందమైన ఆచారం. మందు కొట్టిన వారానికే పూస్తే మందు మట్టి కింద పడిపోతుంది. మందు కొట్టేవాళ్లు వచ్చే తేదీ ముందే కనుక్కుని, పూత అంతకుముందే ముగించాలి. ఆ తర్వాత రెండు మూడు నెలలు గోడను ముట్టుకోకూడదు. బడిలో పనిచేసే ఉపాధ్యాయులు, దుకాణాలవాళ్లు ఈ ఒక్క కబురు ఊళ్లోకి పంపితే చాలా మేలు.

తెర కట్టని రాత్రులు

తెర ఇంట్లో ఉండి, మనిషి బయట పడుకునే రాత్రులు ఈ జిల్లాల్లో తక్కువేమీ కావు. పంట కోతకొచ్చే వేళ అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి మంచె మీద కావలి ఉంటారు. పోడు చేనులో గుడిసె వేసుకుంటారు. ఆ కాలం సరిగ్గా ఫ్లూవియాటిలిస్ కాలం, ఆ చోటు సరిగ్గా గెడ్డ ఒడ్డు. మీ దగ్గర పనిచేసేవాళ్లలో అలా కావలికి వెళ్లేవాళ్లుంటే, లేదా మీరే కాంట్రాక్టు పనుల మీద లోపలి ఊళ్లలో రాత్రి ఉండిపోయేవాళ్లైతే, ఇంట్లో ఉన్న తెరకు అదనంగా ఒక మనిషికి సరిపడే తెర సంచిలో ఉండాలి. నాలుగు మూలలకూ తాళ్లు కట్టి ఉంచితే చెట్టుకొమ్మకైనా, లారీ కమ్మీకైనా కట్టుకోవచ్చు. లారీ డ్రైవర్లకు ఈ సలహా మరీ ముఖ్యం.

కొత్త తెర పొట్లం విప్పగానే ఒక రోజంతా నీడలో ఆరేయాలి, వాసన తగ్గుతుంది, చర్మం మండదు. ఎండలో ఆరేస్తే మందు చెడుతుంది. సోడా, బ్లీచింగ్ వేయకుండా మామూలు సబ్బుతో ఉతకాలి, అదీ మాటిమాటికీ వద్దు. 20 ఉతుకుల దాకా మందు పనిచేసేలా ఆ తెరలను తయారు చేస్తారు. ఉతికిన నీళ్లు చెరువులో పోయకూడదు, చేపలకు విషం. చిరుగు చిన్నదైనా ఆరోజే కుట్టాలి. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వకపోతే మంచానికి నాలుగు వెదురు కర్రలు కట్టండి. పిల్లలను ఎనిమిదింటికల్లా తెరలోకి పంపి, పెద్దలు పదకొండింటిదాకా వరండాలో కబుర్లాడితే సగం పనే అయినట్టు. అనాఫిలిస్ చీకటి పడ్డప్పటినుంచి తెల్లవారేదాకా కుడుతుంది. బయట కూర్చునేవాళ్లు ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకుని, కాళ్లకు చేతులకు దోమల మలాం రాసుకోవాలి.

రక్తంలో దాక్కున్న సగం

ఇప్పటివరకు చెప్పింది దోమ వైపు సగం. రెండో సగం మనిషి రక్తంలో ఉంది. నా ఉద్దేశంలో మన తెలుగు కుటుంబాలు నిర్లక్ష్యం చేసేది ఈ సగాన్నే.

మలేరియా మధ్య పుట్టి పెరిగిన ఆదివాసీ పెద్దలకు పదేపదే సోకడం వల్ల కొంత నిరోధకత వస్తుంది. రక్తంలో కొద్దిపాటి పరాన్నజీవులు ఉన్నా జ్వరం ఉండదు. వాళ్ల పసిపిల్లలకు ఆ రక్షణ లేదు, ఈ జబ్బు అందరికంటే ఎక్కువ బలితీసుకున్నది ఆ పిల్లలనే. శ్రీకాకుళం, విజయనగరం మైదానాల నుంచి కొత్తగా వచ్చిన మనకూ ఆ రక్షణ లేదు. ఇక్కడి కేసుల్లో ఎక్కువ భాగం ఫాల్సిపారం రకం, ప్రాణం తీసేది అదే. అందుకని మొదటి జ్వరమే మనకు ముంచుకొచ్చేలా రావచ్చు. కొండవాళ్ల వల్ల మనకు మలేరియా వస్తోందని అనేవాళ్లు ఈ మాట ఒకసారి ఆలోచించాలి. ఆ బరువును ఎక్కువకాలం, ఎక్కువ ప్రాణాలతో మోసినవాళ్లు వాళ్లు.

2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దుర్గమమైన కొండ గూడేలకు వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరి రక్తమూ పరీక్షించి, పాజిటివ్ వచ్చినవాళ్లకు అక్కడికక్కడే మందు ఇవ్వడం దాని పద్ధతి. అదే ఏడాది రాష్ట్రమంతటా కోటికి పైగా తెరలు పంచారు. 2016లో రాష్ట్రంలో 4.4 లక్షలకు పైగా ఉన్న కేసులు 2018కి 66 వేలకు, 2019కి 40 వేల లోపుకు దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మెచ్చుకున్న విజయం ఇది. జ్వరం లేని మనిషి రక్తంలో వెతకడమే ఇందులో కీలకం. 2023 నుంచి సంఖ్యలు మళ్లీ పైకి వచ్చాయి. ఇదీ కొత్త కథ కాదు. శ్రీలంకలో 1963లో 17 కేసులే మిగిలాయి, అజాగ్రత్తతో ఆ దశాబ్దం ముగిసేలోపే లక్షల్లోకి ఎగబాకాయి. మన దేశంలో 1965లో లక్షకు దిగినవి 1976లో 64 లక్షలు దాటాయి. కేసులు తక్కువగా ఉన్న సంవత్సరంలోనే తెర మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మొదటి 24 గంటల్లో రక్తపరీక్ష, ఇది మీ ఇంటి నియమం కావాలి. జలుబు జ్వరమేనేమో, టైఫాయిడేమో అని ఊహించుకుంటూ పారాసెటమాల్‌తో రెండు రోజులు గడపడం ఇక్కడ చేయరాని పని. ఆశా దగ్గర ఉండే కిట్‌తో వేలి చివర ఒక్క చుక్క రక్తం చాలు, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది, ఖర్చు లేదు. ఇంట్లో పనిచేసే అమ్మాయికి జ్వరమొస్తే సెలవిచ్చి పంపేసి ఊరుకోకండి. వెంట వెళ్లి పరీక్ష చేయించండి. ఆమె ఆరోగ్యం ఆమె హక్కు, పైగా ఆమె రక్తం శుభ్రపడితే రెండు ఇళ్లు బాగుపడతాయి. మొదటి పరీక్షలో లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. మందు వాడాక కొన్ని వారాల వరకు ఫాల్సిపారం కిట్ పాజిటివ్‌గానే చూపించవచ్చు. అది చూసి కంగారుపడి మళ్లీ మందులు మింగకండి, సూక్ష్మదర్శిని కింద రక్తపు పూత చూపించుకోండి.

మందు విషయంలో మన దగ్గర ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. రెండో రోజుకు జ్వరం దిగగానే మిగతా మాత్రలు డబ్బాలో దాచుకుంటాం, మరొకరికి వచ్చినప్పుడు పనికొస్తాయని. ఫాల్సిపారంకు ఇచ్చే ఆర్టిమిసినిన్ కలయిక మందు మూడు రోజులు పూర్తి చేయాల్సిందే. దానితోపాటు ఒక్క మోతాదు ప్రైమాక్విన్ ఇస్తారు. దాని పని మీ జ్వరం తగ్గించడం కాదు, మిమ్మల్ని కుట్టిన దోమకు పరాన్నజీవి అందకుండా చేయడం. ఊరి కోసం మింగే మాత్ర అది. మరో మలేరియా రకమైన వైవాక్స్ అయితే ప్రైమాక్విన్ 14 రోజులు. ఆ రకం కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత తిరగబెడుతుంది, దాన్ని అక్కడే చంపడానికి ఆ 14 రోజులు. గర్భిణులకూ పసికందులకూ ప్రైమాక్విన్ ఇవ్వరు కాబట్టి గర్భిణి అయితే ఆ సంగతి, పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి, జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నట్టు ఎప్పుడైనా చెప్పి ఉంటే అదీ ముందే చెప్పండి. మాత్ర మొదలుపెట్టాక మూత్రం నల్లటి కాఫీ రంగులో వస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆశా దగ్గరా మందుల దుకాణం దగ్గరా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మాట తడబడటం, మగతగా పడిపోవడం, ఫిట్స్, ఆగని వాంతులు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గిపోవడం. పసిపాప పాలు తాగకపోయినా, గర్భిణికి జ్వరం వచ్చినా అంతే. 108కి ఫోన్ చేసి రాయగడ జిల్లా ఆసుపత్రికో, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలకో, దగ్గర్లో ఉంటే బిస్సంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రికో చేరాలి. రాత్రి కదా, తెల్లారాక వెళ్దాం అనుకోవద్దు. ఫాల్సిపారం ఒక్క రాత్రిలో మెదడుకు చేరవచ్చు.

కొండ దిగాక వచ్చే జ్వరం

సంక్రాంతి సెలవులకు ఊరెళ్తారు. రాయగడలో కుట్టిన దోమ కాటుకు జ్వరం సాధారణంగా ఒకటి రెండు వారాల తర్వాత వస్తుంది, ఒక్కోసారి నెలకు. అప్పటికి మీరు పార్వతీపురంలోనో, విశాఖలోనో, హైదరాబాదులో కూతురి ఇంట్లోనో ఉంటారు. అక్కడి డాక్టరు డెంగీ పరీక్ష రాస్తారు, టైఫాయిడ్ పరీక్ష రాస్తారు. మీరు నోరు విప్పకపోతే మలేరియా ఆయనకు తట్టకపోవచ్చు, ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. గదిలోకి అడుగుపెట్టగానే జ్వరం గురించి చెప్పేముందే చెప్పాల్సిన వాక్యం ఒకటుంది: “నేను రాయగడ నుంచి వచ్చాను, మలేరియా ఉన్న చోటు, ముందు ఆ పరీక్ష చేయండి.” ఇంటికి వచ్చిన అల్లుడికీ, సెలవులకు వచ్చి వెళ్లిన మనవళ్లకూ ఈ వాక్యం నేర్పండి. వాళ్లు మీ ఇంట్లో రెండు రాత్రులే ఉండి ఉండవచ్చు, కాటు ఒక్కటి చాలు. కొండ దిగిన రోజు నుంచి నెల రోజులు గట్టిగా గుర్తుంచుకోవాలి. అంతకుముందు వైవాక్స్ వచ్చి ఉంటే ఏడాది పాటు. పాత పరీక్ష చీటీ, వాడిన మందుల వివరం ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి, జ్వరంతో పడి ఉన్న మనిషికి రకం పేరు గుర్తుండదు.